మార్జిన్ లేని కాగితాలు

ఆ టైలరింగ్ షాపులో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక నిలువుటద్దం, ఒక ఎడతెగని వాదన ఉండేవి. మిషన్లకి ఆదివారం సెలవు. వాదనకి అదీ లేదు.

షాపు అక్కాచెల్లెళ్ళది. అక్క కోస్తుంది, చెల్లెలు కుడుతుంది. వీధిలో అందరూ అక్కని పెద్దమాస్టరనీ చెల్లెల్ని చిన్నమాస్టరనీ పిలిచేవారు. చిన్నమాస్టరుకి నలభై ఆరేళ్ళు వచ్చినా పేరు ముందున్న ఆ చిన్నతనం మాత్రం పోలేదు. పోవాలని ఆమె పెద్దగా ప్రయత్నించిందీ లేదు.

వాదన మొదలై మూడు నెలలైంది. కొలతలు తీసుకుని కొత్త బట్టలు కుట్టే పని మానేద్దాం, కటింగ్ బల్ల అమ్మేద్దాం, నడుము బిగించడం, కాళ్ళు పొట్టి చేయడం లాంటి ఆల్టరేషన్లు మాత్రం చేద్దాం అని అక్క అంటుంది. వద్దని చెల్లెలు అంటుంది. ఆల్టరేషన్లకి ఒక మనిషి చాలు, ఒక మిషను చాలు. రెండో మనిషి ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలుసు. ఊరి చివర బట్టల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత ఒక్కో ముక్క కుట్టిస్తారు. చెల్లెలి స్నేహితురాలు ఒకామె అక్కడ పదేళ్ళుగా ఎడమ జేబులు మాత్రమే కుడుతోంది. కుడి జేబు ఎలా ఉంటుందో మరిచిపోయానని నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు విన్నప్పుడల్లా చెల్లెలు మాట మార్చేసేది.

ఇప్పుడీ గొడవకి ఒక గడువు కూడా వచ్చి కూర్చుంది. ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు పద్దెనిమిది మందికి ముదురు ఎరుపు వెల్వెట్ కోట్లు కావాలన్నారు. బట్ట వాళ్ళదే. చేస్తారో లేదో శుక్రవారం లోపు చెప్పమన్నారు. ఇది ఒప్పుకుంటే బల్ల ఉంటుంది. ఒప్పుకోకపోతే శనివారం బల్లని చూడడానికి ఎవరో వస్తారని అక్క అప్పుడే మాట కూడా ఇచ్చేసింది.

"భుజం నొప్పే, నా వల్ల కాదు," అంది అక్క సోమవారం పొద్దున.

"నొప్పైతే పొద్దస్తమానం ఆ నాలుగు కేజీల ఇస్త్రీ పెట్టె ఎలా తిప్పుతున్నావ్?"

"అది కాదు. ఈ రోజుల్లో కుట్టించుకునేవాళ్ళెవరు? అందరూ రెడీమేడే."

"ఎవరూ లేకపోతే ఆ గోనెసంచిలో ఉన్న బట్టలన్నీ ఎవరివి? దయ్యాలవా?"

"కళ్ళు కూడా మునుపట్లా లేవు."

"నిన్న నా నెత్తి మీద తెల్లవెంట్రుక గుమ్మంలోంచి చూసి పీకావు."

ఒక కారణం కొట్టేస్తే ఇంకోటి లేస్తుంది. దాన్ని కొట్టేసేలోపు మొదటిది మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. సాయంత్రానికి ఎవరు దేనికి జవాబు చెబుతున్నారో ఇద్దరికీ తెలియదు. మధ్యలో టీ ఫ్లాస్కుతో బావ వస్తాడు. అక్క మొగుడు, బస్సు డిపోలో టైమ్‌కీపరు. గోడ మీద పిల్లిలో అయినా అప్పుడప్పుడూ ఒక నిర్ణయం ఉంటుందేమో, ఆయనలో ఉండదు. అక్క చెబితే "నిజమే కదా" అంటాడు. చెల్లెలు చెబితే "అదీ నిజమే" అంటాడు. రెండూ నిజమెలా అవుతాయని ఇద్దరూ కలిసి నిలదీస్తే "టీ చల్లారిపోతోంది" అంటాడు.

మంగళవారం జడ్జిగారు వచ్చాడు. రిటైరయ్యాక ఆయన నెలనెలా చిక్కిపోతున్నాడు. నెలనెలా ప్యాంట్లు తెచ్చి నడుము బిగించమంటాడు. వాదనలు వినడం మానేశాక ఒంటికి తిండి పట్టడం లేదని ఆయన జోకు. ఆ షాపులో ఆ లోటు తీరుతుంది కాబట్టి ప్యాంటు ఇచ్చేసి వెళ్ళకుండా స్టూలు మీద కూర్చుంటాడు. ఆ రోజు అరగంట కూర్చున్నాడు. అక్క కాజాల దారం కొనడానికి బయటికి వెళ్ళగానే గొంతు సవరించుకున్నాడు.

"చిన్నమాస్టరమ్మా, ఒక మాట చెప్పనా? మీ ఇద్దరిలో ఎవరిది న్యాయమో నాకు తెలీదు. కానీ మీకు మీ వాదనే కనబడడం లేదు. చెవులతో వింటే వాదన కనబడదమ్మా. నేను బెంచి మీద ఉన్నప్పుడు లాయర్లు మాట్లాడుతుంటే కాగితం మీద బొమ్మ గీసుకునేవాణ్ణి."

"లాయర్ల బొమ్మలా?"

"వాళ్ళ మొహాలు చూస్తే చాలదూ, గీయడం కూడానా! వాళ్ళ మాటల బొమ్మ. పైన ఒక గడిలో తేలాల్సిన విషయం. దాని కింద ఒక్కో కారణానికి ఒక్కో గడి. ఏది దేన్ని నిలబెడుతోందో ఒక గీత. అంతే. గంటసేపు అరిచిన మనిషి దగ్గర రెండే గడులుంటాయి ఒక్కోసారి."

చెల్లెలికి సరదా పుట్టింది. జడ్జిగారు పాత బిల్లు వెనక గీసి చూపించాడు. కారణాలు రెండు రకాలట. "వాన పడుతోంది. గొడుగు లేదు. కాబట్టి తడుస్తాను. చూడు, వాన ఒక్కటే చాలదు. గొడుగు లేకపోవడం ఒక్కటే చాలదు. రెండూ చెయ్యి చెయ్యి పట్టుకుంటేనే తడవడం. ఒకటి పీకేశావా, రెండోది ఉన్నా లేనట్టే. ఇక రెండో రకం. నేనివాళ ఇల్లు కదలను. ఎందుకు? కాలు నొప్పి. చుట్టాలొస్తున్నారు. టీవీలో ఆటుంది. ఇవి దేనికదే. ఒకటి పోయినా మిగతావి నిలబెడతాయి."

"మొదటిది కాలరూ మెడా లాగా," అంది చెల్లెలు. "అంచున కత్తెరతో పెట్టిన గాటుకి గాటు కలవాలి. రెండోది బొత్తాల్లాగా. ఒకటి ఊడినా చొక్కా ఊడదు."

జడ్జిగారు ఆమె వైపు కళ్ళద్దాల మీదుగా చూశాడు. "నలభై ఏళ్ళు నాకెవరూ ఇంత బాగా చెప్పలేదు. నువ్వు గీయకు. కత్తిరించు."

బుధవారం మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్ళినప్పుడు చెల్లెలు ఆ పని చేసింది. కటింగ్ బల్ల మీద బ్రౌన్ పేపరు పరిచింది. పైన ఒక పెద్ద ముక్క పెట్టి 'కటింగ్ మానేద్దాం' అని రాసింది. కింద అక్క చెప్పిన కారణాలన్నీ ముక్కలుగా కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కోటి రాసింది. 'భుజం విరిగిపోతోంది.' 'కళ్ళు పోయాయి.' 'కుట్టించుకునేవాళ్ళు ఒక్కరూ లేరు.' 'వెల్వెట్ పని మనకి రాదు.' 'నేర్చుకునే దిక్కు లేదు.' తర్వాత తన జవాబులు తలుచుకుంటూ ఒక్కొక్కదాన్నీ పక్కకి తోసేసింది. ఇస్త్రీ పెట్టె తిప్పే భుజం విరగలేదు. తోసెయ్. తెల్లవెంట్రుక చూసిన కళ్ళు పోలేదు. తోసెయ్. పది నిమిషాల్లో బల్ల ఖాళీ అయింది. పైన పెద్ద ముక్క ఒక్కటే మిగిలింది. గెలిచానని ఆమెకి చాలా సంతోషమేసింది. ఒక పాట కూడా అందుకుంది.

ప్యాంటు కోసం వచ్చిన జడ్జిగారు ఆ పాట మధ్యలో అడుగుపెట్టాడు. పక్కకి తోసేసిన ముక్కలు ఒక్కొక్కటీ తీసి చదివాడు.

"మీ అక్క 'భుజం విరిగిపోతోంది' అందా?"

"అలాంటిదే అంది."

"అలాంటిదే వద్దు. ఏమంది?"

చెల్లెలు ఆలోచించింది. "బల్ల మీద వంగి గీత గీస్తుంటే భుజం బిగుసుకుపోతోంది, అంది."

"మరి ఇదేమిటి?"

ఆమె ముక్క వైపు చూసుకుంది. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఏ ముక్క కుట్టినా కుట్టుకి ఆవల బట్ట కాస్త ఎక్కువ వదలడం. కుట్టు ఊడదని, రేపు లావైతే పనికొస్తుందని. బట్టలో మార్జిన్ వదలనివాడు టైలరే కాదు. ఆ చెయ్యే అక్క మాటలకి కూడా తలా అంగుళం మార్జిన్ వదిలేసింది. అంత పెద్దగా కత్తిరించిన మాటని కొట్టెయ్యడం ఎవరికైనా తేలికే.

"పెద్దవి చేసి కొట్టడం లాయర్ల పని," అన్నాడు జడ్జిగారు ప్యాంటు మడతపెట్టుకుంటూ. "అన్నంతే రాయి తల్లీ. అంగుళం ఎక్కువొద్దు. ఇంకోటి. ముక్కలన్నీ తీసేశాక కూడా పైది పడిపోలేదంటే నువ్వు గెలిచినట్టు కాదు. నువ్వింకా చూడనిదేదో దాన్ని పట్టి ఉంచిందని."

ఆయన వెళ్ళిపోయాక ఆమె ముక్కలు మళ్ళీ రాసింది. ఈసారి అక్క గొంతు గుర్తు తెచ్చుకుంటూ, మాటకి మాట. 'బల్ల మీద వంగి గీత గీస్తుంటే భుజం బిగుసుకుపోతోంది.' ఇస్త్రీ చేస్తుంటే అని అక్క ఎప్పుడూ అనలేదు. 'మంచి బట్ట పరిస్తే కళ్ళు అలికినట్టు అవుతాయి.' ఏ బట్ట పరిచినా అనలేదు. 'రెడీమేడ్ తెచ్చుకుంటే సరిచేసి ఇద్దాం, వాళ్ళే కోసి ఉంటారు కదా.' 'ఆ వెల్వెట్ వాళ్ళదే, కొలిచినట్టు ఇస్తారు, పాడైతే మళ్ళీ దొరకదు.' 'నా తర్వాత కోసేవాళ్ళు ఎవరూ లేరు.'

అంచులు కత్తిరించాక ముక్కలు చిన్నవైపోయాయి. వాటిని బల్ల మీద అటూ ఇటూ జరిపింది. బట్ట మీద పెట్టి గీసుకునే పేపర్ కటింగ్ చూసి ఏ ముక్క ఎక్కడిదో చెప్పడం ఆమెకి కొట్టిన పిండి. ముందుభాగం, వెనకభాగం, చెయ్యి ఉండి, వాటి గాట్లు దేనికీ కలవకుండా మిగిలిపోతే ఏదో ఒక ముక్క తప్పిపోయిందని అర్థం. చుట్టూ ఉన్న అంచుల్ని బట్టి ఆ తప్పిపోయిన దాని ఆకారం కూడా చెప్పేయొచ్చు. ఇక్కడా అంతే. భుజం గీతకి సంబంధించింది. కళ్ళు మంచి బట్టకి సంబంధించినవి. రెడీమేడ్ వేరేవాళ్ళ కోతకి సంబంధించింది. వెల్వెట్ పాడవడానికి సంబంధించింది. అన్నీ ఒకే ఖాళీ వైపు తిరిగి ఉన్నాయి. ఒక్కటి కూడా కుట్టు గురించి కాదు, కొనేవాళ్ళ గురించి కాదు. కత్తెర బట్టని తాకే ఆ ఒక్క క్షణం గురించి.

అప్పుడు ఆమె తలెత్తి గోడకేసి చూసింది. మేకులకి వేలాడుతున్న పాత పేపర్ కటింగ్‌ల మీద మూడు నెలల కింద అక్క నల్ల స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. ఒకదాని మీద ఎడమ. ఒకదాని మీద కుడి. ముప్పై ఐదేళ్ళుగా కళ్ళు మూసుకుని కోసే మనిషి అవి రాస్తుంటే చెల్లెలు పకపకా నవ్వి, "ఎవరికి ఒకటో తరగతి పాఠం?" అని ఆటపట్టించింది. అక్క మాత్రం నవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి చెల్లెలు ఒక తెల్ల కాగితం తీసి ఆ ఖాళీకి సరిపడా కత్తిరించింది.

ఆ సాయంత్రం ఆమె అక్కతో వాదించలేదు. "జ్వరమా?" అని బావ రెండుసార్లు అడిగాడు.

గురువారం పొద్దున అక్క షాపులోకి వచ్చేసరికి చెల్లెలు మిషను దగ్గర ఉంది. కటింగ్ బల్ల మీద కాగితపు ముక్కలు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. పైన పెద్దది, చుట్టూ ఐదు చిన్నవి, మధ్యలో ఏమీ రాయని ఒక తెల్లటి ముక్క. దాని నాలుగు అంచుల మీదా గాట్లు ఉన్నాయి. ప్రతి గాటూ చుట్టూ ఉన్న ముక్కల గాట్లకి సరిగ్గా ఎదురుగా ఉంది.

అక్క చేతిసంచి దించి చదవడం మొదలుపెట్టింది. ఒక్కోటీ చదివింది. తన మాటలే, ఉన్నవి ఉన్నట్టు. చదువుతున్నకొద్దీ ఆమె మొహం ఎర్రబడింది.

"ఏంటే ఇది? నా మాటలన్నీ బల్ల మీదెక్కించి తీర్పు చెబుతావా? ఆ జడ్జి పక్కన కూర్చుంటే నువ్వూ జడ్జివైపోయావా?"

"తీర్పేం లేదక్కా. ఒక ముక్క తప్పిపోయింది. అది నా దగ్గర లేదు."

"ఇంత వయసొచ్చి కాగితాలతో ఆటలు," అంటూ అక్క మధ్యలో ఉన్న ముక్కకి గుచ్చిన సూది పీకింది. ముక్కని నలిపేయబోయింది. దాని గాట్ల మీద ఆమె బొటనవేలు ఆగింది. గాటు కనబడితే ఆ వేలు ఆగకుండా ఉండలేదు. ఒక్కో గాటునీ తడిమింది. చెల్లెలు మిషను చక్రం మీద చెయ్యి పెట్టి తిప్పకుండా కూర్చుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

తర్వాత అక్క చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, బల్ల మీద వంగి, ఆ ముక్క మీద నాలుగు మాటలు రాసి మళ్ళీ మధ్యలో పెట్టింది. సూది గుచ్చలేదు. చెల్లెలు లేచి వచ్చి చదివింది.

'కుడి ఎడమ తెలియడం లేదు.'

"ఎప్పటినుంచి?"

"చలికాలం నుంచి." అక్క గొంతు మామూలుగానే ఉంది. బట్ట కొలతలు చెప్పినట్టే చెప్పింది. "ఆ బూడిద రంగు కోటు గుర్తుందా? రెండు ఎడమ ముందుభాగాలు కోశాను. చూసుకుంటే రెండూ ఎడమే. అలాంటి బట్టే వెతుక్కుని, ఆదివారం వచ్చి మళ్ళీ కోశాను. నీకు తెలీదు. తర్వాత నల్లది. తర్వాత ఆ పెళ్ళికొడుకుది. మూడు. గీత గీస్తాను, కత్తెర పట్టుకుంటాను, అప్పుడు బుర్రలో ఏదో గిర్రున తిరుగుతుంది. ఇది ఏ పక్కదో తెలీదు. రాసుకున్నా, చదివి కత్తెర ఎత్తేసరికి మళ్ళీ అనుమానం. ఒళ్ళంతా చెమటలు."

"డాక్టరు?"

"వెళ్ళాను. ఏవో పరీక్షలు రాశాడు. చీటీ పర్సులోనే ఉంది. మీ బావకి చెప్పలేదు. చెబితే ఆయన కూడా 'నిజమే కదా' అంటాడని భయమేసింది."

చెల్లెలికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, దాచుకోలేదు. మూడు నెలలు ఈ మనిషిని భుజం నొప్పి దొంగ అంది, కళ్ళ దొంగ అంది, ఆటపట్టించింది. అక్క ఆమె ఏడుపు ఆగేదాకా ఆగి, మెడలో టేపు సరిచేసుకుని, ముక్కల వైపు చెయ్యి చూపించింది.

"ఏడిస్తే అయిపోయిందా? ఇప్పుడు చెప్పు. నేనన్నది కరెక్టా కాదా? ఇది నిజమైతే బల్ల అమ్మాల్సిందే కదా?"

చెల్లెలు కళ్ళు తుడుచుకుని చూసింది. తెల్ల ముక్క మధ్యలోకి వచ్చాక మిగతావన్నీ ఎందుకున్నాయో తెలిసిపోయింది. భుజం, కళ్ళు, రెడీమేడ్, వెల్వెట్, నాలుగూ దానికి కప్పిన లైనింగే. వాటిని తీసి పక్కన పెట్టింది. 'కుడి ఎడమ తెలియడం లేదు' ఒక్కటే మిగిలింది. దాన్ని పైన పెద్ద ముక్కకి ఆనించింది. గాటు కలిసింది. అయినా ఒక పక్క ఖాళీగా ఉండిపోయింది. దానికి ఇంకో గాటు ఉంది.

ఆమె వెతికి ఐదోదాన్ని తెచ్చింది. 'నా తర్వాత కోసేవాళ్ళు ఎవరూ లేరు.' అది దెప్పిపొడుపని మొదట్నుంచీ ఒక మూలకి నెట్టేసింది. పక్కన పెడితే రెండూ కలిశాయి.

"ఇవి చెయ్యి చెయ్యి పట్టుకునే రకం," అంది నెమ్మదిగా, జడ్జిగారు చెప్పిన వానా గొడుగూ అక్కకి చెప్పింది. "నువ్వు కొయ్యలేకపోవడం ఒక్కటే చాలదు. ఇంకెవరూ లేకపోవడం కూడా ఉండాలి. రెండూ ఉంటేనే బల్ల అమ్మాలి."

"రెండూ ఉన్నాయిగా."

"ఉన్నాయి."

"మరింకేం?" అక్క ఆ ఐదో ముక్క మీద వేలు పెట్టి చెల్లెలి మొహంలోకి చూసింది. "ఈ వాన నేను ఆపలేను. ఆ డాక్టరు ఆపుతాడో లేదో తెలీదు. ఇది మాత్రం నాది కాదే. ఇది నీది. ముప్పై ఏళ్ళుగా బల్లకి ఆ పక్క నిలబడి చూస్తున్నావు. ఎందుకు కొయ్యవు?"

ఇంతవరకూ ఈ బొమ్మలో అక్క మాటలే ఉన్నాయి. తనది ఒక్కటి కూడా రాయలేదని చెల్లెలికి ఇప్పుడు తట్టింది.

"నువ్వే వద్దన్నావు."

"నేనా?"

"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు. ఆ డ్రిల్లు మాస్టారి కోటు బట్ట అడ్డంగా కోసేశాను. నువ్వు ఆ ముక్కలు నా మొహం మీద విసిరి, కత్తెర ముట్టుకోవద్దన్నావు. అప్పట్నుంచి బట్ట మీద కత్తెర పెట్టలేదు."

అక్క బల్ల మీదుగా ముందుకి వంగింది. "ఏమన్నాను?"

"కత్తెర ముట్టుకోవద్దు."

"సరిగ్గా ఏమన్నాను? నా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయడం నీకొచ్చుగా ఇప్పుడు. చెప్పు."

చెల్లెలు కళ్ళు మూసుకుంది. ఇరవై ఏడేళ్ళ కిందటి గది. నేల మీద బట్ట ముక్కలు. గుమ్మంలో అక్క, చంకలో ఏడుస్తున్న ఆమె పసిపిల్ల, చెదిరిపోయిన జుట్టు. ఆ గొంతు ఆమె ప్రతిరోజూ విన్నదే. కానీ మాటకి మాట ఎప్పుడూ వినలేదు.

"'ఇవాళ్టికి ఇంక కత్తెర ముట్టుకోకు,'" అంది.

"ఇవాళ్టికి," అంది అక్క.

అక్క పెన్సిలు చెల్లెలి ముందుకి తోసింది. "ఇవాళ్టికని అంటే ఇరవై ఏడేళ్ళ మార్జిన్ వదిలావా! పిచ్చిదానా, మర్నాడు నువ్వే వస్తావని ఆ బల్ల మీద నీకని పాత దుప్పటి ఒకటి పరిచి పెట్టాను. నువ్వు రాలేదు. నీకిష్టం లేదేమో అనుకున్నా."

టీ తెచ్చిన బావ గుమ్మంలో ఆగిపోయాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే బల్ల మీద మోచేతులు ఆనించి ఒకే కాగితం వైపు చూడడం ఆయన ఈ మూడు నెలల్లో చూడలేదు. ఎవరి పక్షం వహించాలో తెలియక ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. అక్క పర్సు తెరిచి మడత పెట్టిన చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. "నిజమే కదా" అనలేదు. స్టూలు మీద కూర్చుని, డిపోకి ఫోన్ చేసి, సోమవారం సెలవు పెట్టాడు.

శుక్రవారం ఆర్కెస్ట్రా వాళ్ళకి ఒప్పుకున్నట్టు చెప్పారు. బల్లని చూడడానికి వచ్చే మనిషిని రావద్దన్నారు. శని, ఆదివారాలు రెండు రోజులూ చెల్లెలు పాత దుప్పట్లు, కర్టెన్లు, బావ లుంగీ ఒకటి, చేతికందినవన్నీ కోసింది. బావ ఆ లుంగీ కోసం రెండు రోజులు వెతుక్కున్నాడు.

సోమవారం మధ్యాహ్నం అక్కా బావా ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వెల్వెట్ వచ్చి ఉంది. పరీక్షల ఫలితాలు వారం తర్వాత. వెల్వెట్ ఆగదు. చెల్లెలు మొదటి కోటు బట్ట బల్ల మీద పరిచింది. వెల్వెట్‌తో ఒక పేచీ ఉంది. దాని నూగు ఒక దిక్కుకి వాలి ఉంటుంది. అన్ని ముక్కల్లోనూ నూగు ఒకే దిక్కుకి లేకపోతే లైటు కింద ఒక ముక్క ఒక రంగూ ఇంకో ముక్క ఇంకో రంగూ కనబడతాయి. ఆమె పేపర్ కటింగ్ పెట్టింది. చాక్‌తో గీసింది. కత్తెర ఎత్తింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అక్కా, ఇది ఎడమదేనా?"

అక్క బల్లకి ఆ పక్క, ఇన్నేళ్ళూ చెల్లెలు నిలబడిన చోట నిలబడి ఉంది.

"నన్ను అడక్కు. ఇక మీదట ఎప్పుడూ ఆ ఒక్కటీ నన్ను అడక్కు. కాగితం మీద రాసి ఉంది, చదువు."

చెల్లెలు చదివింది. నల్ల స్కెచ్ పెన్నుతో, ఒకటో తరగతి పాఠంలా, పెద్ద పెద్ద అక్షరాలతో ఎడమ అని ఉంది. అది ఎవరి కోసం రాసిందో, చివరికి ఎవరికి పనికొచ్చిందో తలుచుకుంటూ ఆమె ఆ అక్షరాల మీద వేలు పోనిచ్చింది. అక్క చెయ్యి చాచి వెల్వెట్ మీద అరచేత్తో ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందనుంచి పైకి నిమిరింది. ఆ చేతికి ఇంకా ఏ అనుమానమూ లేదు.

"నూగు సరిగ్గానే ఉంది," అంది. "కొయ్యి."

చెల్లెలు కోసింది.